మూడో కాఫీ

షెఫికా కాలుగాలిన పిల్లిలా వంటింటికీ ముందుగది గుమ్మానికీ మధ్య తిరుగుతోంది. ముందుగదిలో ఆమె చెల్లెలు జుమ్రా. ఎదురుగా పెళ్లికొడుకు రెఫిక్, అతని పక్కన మేనమామ ముషాన్. ఊళ్లో సగం సంసారాలు షెఫికా నోటి చలవే. అలాంటి మనిషికి సొంత చెల్లెలి దగ్గరికొచ్చేసరికి కాలు నిలవడం లేదు. నిలుస్తుందా మరి? ఈ సంబంధం కూడా తప్పిపోతే జుమ్రాకు ఇంకోటి రాదని ఆమెకంటే బాగా తెలిసినవాళ్లెవరు?

గ్రాదాచాట్స్ ఊరి చుట్టుపక్కల ఎవరికి పెళ్లి కావాలన్నా షెఫికా తలుపే తట్టాలి. ఆమె పనితనమంతా రెండు ముక్కల్లో ఉంది. ఆడపిల్ల వయసులో కొన్నేళ్లు కొయ్యాలి, మగవాడి తోటకు కొన్ని ప్లమ్ చెట్లు కలపాలి. మగవాడి వయసు కొయ్యాల్సిన అవసరం ఆమెకెన్నడూ రాలేదు. మగపెళ్లివాళ్లు గుమ్మం దాటకముందే "పిల్లకెన్నేళ్లు?" అంటారు. ఆడపెళ్లివాళ్లు కూర్చోకముందే "అతనికేముంది?" అంటారు. ఇంత కాలం ఈ రెండు ప్రశ్నలే ఆమెకు అన్నం పెట్టాయి.

ఒకసారి బడిలో జీవశాస్త్రం చెప్పే మాస్టారు తనకు పిల్లను చూడమని వచ్చి ఈ సంగతి మీద పెద్ద పాఠమే చెప్పాడు. "ఇది కొండగుహల నాటి అలవాటు, షెఫికా అక్కా. బిడ్డను మొయ్యాల్సిందీ పాలివ్వాల్సిందీ ఆడది. అందుకని తిండిపెట్టే చెయ్యి వెతుక్కుంటుంది. మగవాడేమో కనే వయసు చూస్తాడు."

"బాగుంది. మరి నీకెలాంటి పిల్ల కావాలి నాయనా?"

"పాతిక దాటకూడదు. చూడ్డానికి బాగుండాలి."

"అంత చదువూ చదివి నువ్వూ గుహలోనే ఉన్నావన్నమాట."

వెటకారమైతే చేసింది గానీ, ఆనాటి నుంచి షెఫికాకు తన అబద్ధాల మీద గౌరవం పెరిగింది. తప్పంతా ఆ గుహలదే, తను మధ్యలో మాట మోసే మనిషి, అంతే.

జుమ్రాకు నలభై రెండు. మంచాన పడ్డ తల్లికి చాకిరీ చేస్తూ, కుట్టు ఫ్యాక్టరీకి వెళ్లొస్తూ ఉండగానే పడుచుతనం దాటిపోయింది. రెఫిక్ భార్య పోయినవాడు, పిల్లల్లేరు. అతనికి షెఫికా చెల్లెలి వయసు ముప్పై నాలుగని చెప్పింది. చెల్లెలికేమో అతనికి కొండవాలంతా తోట ఉందని చెప్పింది. తోట ఉన్నమాట నిజమే, కాకపోతే అది అతని అన్నది.

మొదటి కాఫీ జుమ్రాయే తెచ్చింది. రెఫిక్ ఒక గుక్క తాగి తల వంచుకుని నవ్వుకున్నాడు. తియ్యగా ఉంది. పిల్ల కాఫీలో చక్కెర కలిపిందంటే సరేనన్నట్టు. గుమ్మం పక్కనుంచి చూస్తున్న షెఫికాకు ప్రాణం లేచొచ్చింది. రెండో కాఫీతో మాటలు మొదలయ్యాయి. ముషాన్ మీసం తుడుచుకుని అసలు సంగతికొచ్చాడు.

"మావాడికి ఇంట్లో పిల్లల సందడి కావాలమ్మా. ముప్పై నాలుగంటే ఇద్దరు ముగ్గురికి ఢోకా లేదు."

జుమ్రా కప్పు కింద పెట్టింది. "నాకు నలభై రెండండీ. అక్క తగ్గించి చెప్పింది."

గది నిశ్శబ్దమైపోయింది. ముషాన్ మేనల్లుడి వైపు చూశాడు, మేనల్లుడు కిటికీ వైపు చూశాడు. వంటింట్లో షెఫికా చెవులు రిక్కించింది. మౌనమంటే ఆమెకు మొదటినుంచీ భయం. ఏ సంబంధం చెడినా ముందు ఇలాగే మాటలు ఆగిపోతాయి. ఏదో ఒకటి చెయ్యాలి, ఏదో ఒకటి పెట్టాలి. పొయ్యి మీద మరుగుతున్న కాఫీ గబగబా వంచి, పళ్లెం పట్టుకుని గదిలోకి పరిగెత్తింది. కప్పులు వాళ్ల ముందు పెట్టి నడుము ఎత్తాకగానీ తనేం చేసిందో తెలియలేదు.

అక్కడి ఆనవాయితీలో మొదటి కాఫీ రమ్మనడానికి, రెండోది మాట్లాడుకోవడానికి. మూడోది ఇక దయచెయ్యమనడానికి.

ముషాన్ కప్పు ఎత్తి ఒక్క గుక్కలో ఖాళీ చేశాడు. టోపీ అందుకున్నాడు. "మర్యాద తెలిసిన ఇల్లు. పొమ్మన్నాక కూర్చోకూడదు. పదరా."

"అది కాదు అన్నగారూ, ఏదో కంగారులో..." అంటూ షెఫికా అతనికి అడ్డం వెళ్లింది. చెల్లెలి బతుకును చేజేతులా గుమ్మం బయట పెట్టాననుకుంది. ఏడుపొచ్చేసింది.

రెఫిక్ కదల్లేదు. అతని కప్పు అంచు దాకా నిండుగానే ఉంది.

"నేను తాగలేదు మామా."

"తాగకపోతే ఏం, పెట్టారుగా."

"తాగితేనే వెళ్లాలి." అతను జుమ్రా వైపు తిరిగాడు. "అబద్ధమెందుకు, నాకు కష్టంగానే ఉంది. పిల్లల మీద ఆశతోనే వచ్చాను. కాసేపు బాధపడనివ్వండి. ఈలోపు పంపించెయ్యకండి."

"పంపను."

"ఇంకో మాట. తోట నాది కాదు. నాకున్నది ఒక్క ట్రాక్టరు, అదీ దాని బుద్ధి పుడితేనే కదులుతుంది."

"తెలుసు," అంది జుమ్రా. "పోయిన ఆదివారం బస్సెక్కి మీ ఊరొచ్చి చూశాను. మీ వదినగారు కంచె అవతల నుంచే అంతా చెప్పేశారు."

షెఫికా నోరు తెరిచింది. "తెలిసీ చక్కెర వేశావా?"

"వేశాను."

జుమ్రా లేచి, రెఫిక్ ముందున్న నిండు కప్పు తీసుకెళ్లి తొట్టిలో పారబోసింది. షెఫికా పళ్లెం గుండెలకు అదుముకుని గోడకు ఆనుకుంది. కొయ్యడానికి ఏళ్లు లేవు, కలపడానికి చెట్లు లేవు, ఆ గదిలో తనకిక పనేముందో ఆమెకు అర్థం కాలేదు.

ముషాన్ టోపీ చేత్తో పట్టుకుని ఇంకా నిలబడే ఉన్నాడు. "మరి నేను తాగేశానుగా తల్లీ. నా సంగతేంటి?"

"కూర్చోండి మామయ్యా," అంది జుమ్రా. "మళ్లీ మొదటిది పెడతాను."

షెఫికా వంటింటి వైపు అడుగు వేసింది. జుమ్రా ఆమె చేతిలోంచి పళ్లెం లాక్కుంది. "నువ్వు కూర్చో అక్కా. ఇది నేను పెడతాను."