మంద తప్పిన కాగితాలు

యర్రగొండపాలెం అవతల, అడివి అంచున గొర్రెలు మేపే వెంకాయమ్మ పొద్దుగూకేటప్పుడు దొడ్డి వాకిట్లో కర్ర అడ్డంపెట్టి నిలబడుతుంది. చూసేవాళ్లకు గొర్రెలన్నీ ఒకే దుమ్ము రంగు. ఆమె మాత్రం లెక్కపెట్టదు, మంద మీద ఒక్కసారి చూపు తిప్పుతుంది. "బొల్లిచెవిది రాలేదు" అంటుంది. వెతికితే నిజంగానే అది ఉండదు. ఎట్ల తెలుస్తుందో ఇన్నేళ్లయినా ఊళ్లో ఎవరికీ అంతుబట్టలేదు. ఒకరి గొర్రె ఇంకొకరి మందలో కలిస్తే, సొంతదారే పోయి, కాచినవాళ్ల చేతిలో ఏదో ఒకటి పెట్టి తోలుకురావడం అక్కడి పద్ధతి.

మొన్న గొర్రెల ఇన్సూరెన్సు కంపెనీవాళ్లు ఆమె ఫోటో, ఆధారు, బ్యాంకు నంబరు ఉన్న కాగితాలు పొరపాటున పెద్దదోర్నాలలో టీ హోటల్ నడిపే రూబీ ఫోనుకు పంపినారు. వాటిల్లోని ఫోన్ నంబరు చూసి రూబీ ఆమెకు ఫోన్ చేసింది. వెంకాయమ్మ చంకన కందుల మూట, చేతిలో కర్రతో బస్సెక్కి వచ్చింది.

"ఎవురికీ చూపలేదక్కా. ఫోన్లో చెప్పినా తీసేసేదాన్ని గదా" అంది రూబీ, ఆమె కళ్లెదుటే ఫోన్లోంచి అన్నీ తీసేస్తూ.

"నన్ను కాచిన మనిషిని చూడొద్దా?" అని మూట చేతిలో పెట్టింది వెంకాయమ్మ.

అక్కణ్ణించి నేరుగా మార్కాపురంలోని కంపెనీ ఆఫీసుకు పోయి జరిగిందంతా చెప్పింది.

"పొరపాటైంది. ఆమె తీసేసింది గదమ్మా, ఇంకేంది?" అన్నాడు ఆఫీసరు.

వెంకాయమ్మ ఆఫీసు వాకిట్లో కర్ర అడ్డంపెట్టి నిలబడింది. "నాది దొరికింది నాయనా. ఇంకా ఎవురెవురివి తప్పిపోయినాయి?"

ఆఫీసరు కంప్యూటరు వైపు చూసినాడు. మళ్లీ ఆమె వైపు చూసినాడు. అతనికి తెలియదు.

వెంకాయమ్మ కర్ర తియ్యలేదు.