రీమ్‌క్రాఫ్ట్ చెప్పిన సార్

మా ఇంగ్లిష్ సార్ మొన్న బుధవారం పోయారు. మెట్రోలో ఉండగా పాత బ్యాచ్ గ్రూపులో ఆ కబురు చూశాను. కింద అందరూ దండాలు పెట్టారు. నేనూ పెట్టాను. ఆయన ఉద్యోగం పోవడానికి కారణం మేమేనని మాత్రం ఎవరూ రాయలేదు.

అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సు చేస్తున్న మాకు ఆయన ఇంటర్వ్యూ ఇంగ్లిష్ చెప్పేవారు. ఎవరైనా తడబడితే పక్కవాళ్లను నవ్వనిచ్చేవారు కాదు. బోర్డు తుడిచే ముందు ఆఖరి బెంచీ దాకా వచ్చి, రాసుకున్నారా అని అడిగేవారు. మా కాగితాలు ఇంటికి పట్టుకెళ్లి, ప్రతి కామా దిద్ది తెచ్చేవారు.

ఒకరోజు కంప్యూటర్ అనే మాట వెనక కథ మొదలుపెట్టారు. ఈస్టర్ ఏటా ఒకే తేదీన రాదు. వసంతకాలపు పున్నమి చూసి, ఆ తర్వాతి ఆదివారాన్ని లెక్కకట్టాలి. ఆ లెక్క పేరు లాటిన్‌లో కంప్యూటస్. వెయ్యేళ్ల కిందట ఇంగ్లండులోని క్రైస్తవ సన్యాసులు దాన్ని తమ భాషలో రీమ్‌క్రాఫ్ట్ అన్నారట. రీమ్ అంటే లెక్క, క్రాఫ్ట్ అంటే నేర్పు. చివరికి లాటిన్ మాటే నిలిచింది, సొంత మాట పోయింది. అది చెబుతున్నప్పుడు ఆయన ముఖం వెలిగిపోయింది. మాకు ఒళ్లు మండింది. ఇంకో వారంలో ఇంటర్వ్యూలు. ఇంగ్లిష్‌లో ఫిర్యాదు నేను రాశాను, క్లాసంతా సంతకాలు పెట్టింది.

ఇన్‌స్టిట్యూట్ ఓనర్ ఆయన్ని మా ముందే నిలబెట్టి ఆ కాగితం చేతికిచ్చాడు.

"సార్, పిల్లలు జాబ్ కోసం వస్తున్నరు. గీ సచ్చిపోయిన మాటలు ఎవరికి కావాలె?"

సార్ మొత్తం చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు. మర్నాటి నుంచి రాలేదు.

ఏళ్ల తర్వాత పంజాగుట్ట బస్టాపులో కనిపించారు. ఇళ్లకెళ్లి ట్యూషన్లు చెబుతున్నానన్నారు. ఆ ఫిర్యాదు రాసింది నేనేనని చెప్పేశాను. పర్వాలేదంటారని ఆశపడ్డాను.

"తెలుసు బాబూ. అందులో ఒక్క తప్పు కూడా లేదు. అదే బాధేసింది," అన్నారు.

బస్సు వచ్చింది. ఎక్కి వెళ్లిపోయారు.

సమాధి కార్యక్రమానికి వెళ్లి వెనకెక్కడో నిలబడ్డాను. ఆయన భార్య నన్ను చూసి ఎవరని అడిగారు. సార్ స్టూడెంటునన్నాను.

"ముందుకు రా నాయనా. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లలో ఒక్కరైనా వస్తారేమోనని చూస్తున్నాను," అన్నారావిడ.

నా చెయ్యి పట్టుకుని నడిపించారు. ఆయనకు బాగా కావలసినవాణ్ణనుకుని, చర్చివాళ్లు పక్కకు జరిగి నాకు దారి ఇచ్చారు.