ఏకాంతం వదిలి కొత్తగూడకు

తపస్సుకు ఏకాంతం కావాలని పురాణ కాలక్షేపాల్లో వింటూ పెరిగినవాణ్ణి. అందుకే సాఫ్ట్‌వేర్ పని మొదలుపెట్టినప్పుడు, హైటెక్ సిటీ వైపు గోల మనకొద్దు, బాచుపల్లిలో తోటల పక్కన గది తీసుకుందామని పట్టుబట్టాను. నా భాగస్వామి ఆ హైటెక్ సిటీ పక్కనే ఉన్న కొత్తగూడవాడు. "గీడ నెమళ్లకు నేర్పుతవా కంప్యూటర్?" అని ఎగతాళి చేసినా నా మాట కాదనలేదు.

మాకున్నది ఒక్కటే పని. ఒక దవాఖానలో రోగుల వివరాలు చూపే పాత ప్రోగ్రామును రెండువేల సంవత్సరానికి సిద్ధం చేయాలి. అది ఏడాదిని చివరి రెండంకెలతోనే గుర్తుపెట్టుకునేది. రెండువేలు అని పెట్టి చూస్తే ఏడాది పాపకు తొంభై తొమ్మిదేళ్లు చూపించింది! ఒకచోట సరిచేస్తే ఇంకోచోట చెడేది. సోమవారం డాక్టరుగారు చూడటానికి వస్తారు. కుదరకపోతే పని పోతుంది, మా జట్టూ అక్కడితో ఆఖరు.

శనివారం సాయంత్రానికీ తెరమీద అదే పాప, అదే ముసలితనం.

"ఇగ లే స్వామీ, నీ దేవుణ్ణే అడుగుదాం పా," అని మావాడు నన్ను స్కూటరెక్కించి కొత్తగూడ భజనకు తీసుకెళ్లాడు.

కట్టడం పూర్తికాని ఇంటి కింద భజన. అంతా చుట్టుపక్కల ఆఫీసులవాళ్లే. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటున్నారు. నాకు రాని పాట కూడా రెండో చరణానికల్లా నా గొంతులోకి వచ్చేసింది. హారతి అయ్యాక పులిహోర తింటూ మావాడు డోలక్ వాయించినాయనకు పాప సంగతంతా చెప్పేశాడు. ఆయనది వేరే కంపెనీ! నేను మోచేత్తో పొడిచినా మావాడు ఆగలేదు.

ఆయన పకపకా నవ్వారు. "మా దగ్గర ఒక తాతగారు ఇంకా పుట్టనేలేదండి! లోపల ఎన్నిచోట్లని వెతుకుతారు? తేదీ లోపలికొచ్చే గుమ్మం దగ్గరే ఏడాదిని నాలుగంకెలు చేసి పంపండి."

"గిదంత మాకు చెప్తె మీ కంపెనీవాళ్లు ఊకుంటరా?" అన్నాడు మావాడు.

"నాకూ ఇక్కడే చెప్పారండి, పోయిన వారం. ఇలాగే తింటుంటే!"

ఆదివారమంతా కూర్చుని అలాగే మార్చాం. సోమవారం డాక్టరుగారు మీట నొక్కారు. పాపకు ఏడాది! మిగతా పనీ మీరే చేయండన్నారు.

జపం ఇంట్లోనూ చేసుకోవచ్చు. అయినా మనుషులు సత్సంగానికి ఎందుకొస్తారో, కొత్తగూడ చుట్టూ ఉన్న రాళ్లగుట్టల మధ్యకే కంపెనీలన్నీ ఎందుకు చేరుతున్నాయో ఒక్కసారే తెలిసొచ్చింది. స్వామి కరుణ నాకు పులిహోర ఆకులో అందింది. ఆ వారమే కొత్తగూడకు మారిపోయాం.

మరుసటి శనివారం హారతి కళ్లకద్దుకుంటుండగానే పక్కనున్నాయన గొణిగాడు: "మా పెళ్లిసంబంధాల ప్రోగ్రాములో వరులంతా ముసలివాళ్లైపోతున్నారండి!"

"ముందు ప్రసాదం తెచ్చుకుని ఇలా కూర్చోండి," అన్నాను.