అంబుజమ్మ కాచిన కషాయం

చేదు విషయంలో అంబుజమ్మకు స్థిరమైన సిద్ధాంతం ఒకటి ఉండేది. అది లోకంలో ఉంటే ఉండనీ, దేవుడు ఏదో ఆలోచించే పుట్టించి ఉంటాడు; కాని తన చేతి మీదుగా మరొకరి నోట్లోకి మాత్రం పోకూడదు. ముళబాగిలు దగ్గరి పల్లెలో పుట్టి, రాబర్ట్‌సన్‌పేట బజారులో పచారీ సరుకులు, మూలికలు అమ్మే నంజుండప్పకు ఇల్లాలుగా వచ్చిన నాటినుంచి ఈ సిద్ధాంతానికి ఆమె ఒక్కనాడూ ద్రోహం చేయలేదు. ఆమె వండిన కాకరకాయ కూర తిన్నవాళ్ళు అది గుమ్మడికాయేమోనని సందేహపడేవారు. ఉగాది పచ్చడిలో వేపపువ్వు హాజరు వేయించుకోవడానికి వచ్చినట్టు వచ్చి వెళ్ళిపోయేది. వీధిలో ఏ బిడ్డకు జ్వరం తగిలినా నేలవేము కషాయం ఆమే కాచి తాగించేది. జ్వరం తగ్గాక కూడా ఆ కషాయం కోసం మూలిగే బిడ్డలు ఆ వీధిలో చాలామంది ఉండేవారు.

ఇటువంటి మనిషి చేతికి క్రైస్తవులు తమ ఏడాదిలోకెల్లా చేదైన రోజును అప్పగించారు.

బంగారు గనుల పక్కన కోరమండల్ అనే పేటలో గని కార్మికుల తెలుగు గుడి ఒకటి ఉండేది. గుడ్ ఫ్రైడే నాడు అక్కడ మధ్యాహ్నమంతా ఆరాధన జరిగేది. అది ముగిశాక, ఉపవాసమున్న జనమంతా వరండాలోకి వచ్చి తలా ఒక గుక్క చేదు కషాయం తాగేవారు. సిలువ మీద ప్రభువు నోటికి అందించిన చేదును తలుచుకోవడం దాని ఉద్దేశం. మలయాళ దేశం నుంచి వచ్చిన ఉపదేశి ఎవరో ఏనాడో ఈ ఆచారాన్ని నాటి వెళ్ళాడట. మూలికలు నంజుండప్ప అంగడినుంచి పోయేవి. కషాయం కాచే ముసలామెకు చూపు మందగించి మారికుప్పంలో కూతురింటికి చేరిన ఏడు, సంఘపెద్ద బచ్చప్ప అంగడి గుమ్మంలో నిలబడి, "ఇంగ ఎవరు కాస్తారో ఏమో" అని నిట్టూర్చాడు.

"నేలవేము మా అంగడిది, కట్టెలు మా ఇంట్లో ఉండాయి. నేనే కాస్తా పోప్పా," అంది అంబుజమ్మ.

మొదటి ఏడు పోకచెక్కంత బెల్లం వేసింది. పొద్దుటినుంచి పచ్చినీళ్ళు ముట్టని నోట్లో ఒట్టి చేదు పోస్తే తనకే పాపమని ఆమె భయం. మరుసటి ఏడు శొంఠి చేరింది, ఆ తరువాత యాలకులు. శ్రీరామనవమి కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే వస్తుంది కాబట్టి చేతికి కొత్తగా నేర్పవలసింది ఏమీ లేకపోయింది.

"పానకానికి కషాయమని పేరు పెడితే కషాయమైపోతాదా?" అని నంజుండప్ప అడిగేవాడు.

సంఘం మాత్రం ఎన్నడూ ఫిర్యాదు చేయలేదు. మధుమేహంతో బాధపడే పాత పాదిరి అయ్యగారు ఆ ఒక్క రోజు ధర్మబద్ధంగా దొరికే గ్లాసును నిదానంగా చప్పరించి, "ప్రభువు శ్రమలు అపారం" అని కళ్ళు మూసుకునేవారు.

అంతలో గనులు సర్కారువైపోయాయి. బోర్డుల మీద పేర్లు మారాయి. గనిలోని దుమ్ముకు చదువు రాదు కాబట్టి ఆ బోర్డులు చదవలేదు. పాత కంపెనీ కాలంలో ఎలా ఊపిరితిత్తుల్లోకి పోయేదో అలాగే పోతూ వచ్చింది. చౌడప్ప అనే కార్మికుడు ఆ దుమ్ముతోనే పోయాడు. భూమి లోపల కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని అతనిది. అతని భార్య పిల్లమ్మ అంబుజమ్మ అంగడిలో రాగులు, పప్పులు చెరగడానికి వచ్చేది. బాప్తిస్మంలో వాళ్ళ పేర్లు దావీదు, శారా. కార్మికుల ఇళ్ళు వరుసగా ఉండే లైన్లలో ఎవరూ అలా పిలవలేదు. దేవుడు రెండు పేర్లతోనూ గుర్తుపడతాడన్న ధైర్యంతో వాళ్ళూ పట్టించుకోలేదు.

మొగుడు పోయిన పిల్లమ్మ ఏడవలేదు. వారం తిరక్కుండానే వచ్చి చేట పట్టుకుంది. ఎలా ఉన్నావంటే "బాగానే ఉండానమ్మా" అనేది. మనిషి మాత్రం తాను చెరిగే పొట్టులా తేలికైపోతూ వచ్చింది. అంబుజమ్మ ఆమె చేతిలో ఒకనాడు కొబ్బరి ఉండ, ఒకనాడు మైసూరుపాకు పెట్టేది. "తిను. దిగులు అదే పోతాది, మరిచిపోతావులే," అనేది. పిల్లమ్మ తల ఊపి కొంగున కట్టుకునేది. ఆ ముడులు పక్కింటి పిల్లల దగ్గర విప్పుతోందని తెలిసినా అంబుజమ్మ పెట్టడం మానలేదు.

ఆ ఏడే గుడికి కొత్త అయ్యగారు వచ్చారు. పడుచువాడు, వేదాంత పాఠశాల నుంచి సూటిగా వచ్చినవాడు. గుడ్ ఫ్రైడే వారముందనగా అంగడికి వచ్చి, "అమ్మా, కషాయంలో ఏమేమి వేస్తారు?" అని వినయంగా అడిగారు.

"నేలవేము, వేపచిగురు, శొంఠి, యాలకులు, ఇంగ కొంచెం బెల్లం."

"కొంచెమంటే?"

"రెండచ్చులు," అన్నాడు నంజుండప్ప, త్రాసు మీదినుంచి తల ఎత్తకుండా.

అయ్యగారు బెల్లం బుట్ట వంక చూశారు. "ఈ యేడు బెల్లం వద్దమ్మా. శొంఠి, యాలకులు కూడా వద్దు. ఆ రోజు ప్రభువు పడిన బాధ తియ్యనిది కాదు."

"ఉపాసముండే నోళ్ళు, అయ్యగారూ!"

"ఒక్క గుక్కే కదమ్మా."

అంబుజమ్మ గొంతు తగ్గించింది. "పిల్లమ్మ కూడా వస్తాది. మొగుడు పోయి మూడు నెల్లు కాలేదు. ఉండే చేదు చాలక దాని నోట్లో ఇంగా పొయ్యమంటారా, అదీ నా చేత్తో?"

ఈ ప్రశ్నకు వేదాంత పాఠశాలలో జవాబు చెప్పినట్టు లేదు. "అందరికీ ఒకటేనమ్మా," అని మెల్లగా అని ఆయన వెళ్ళిపోయారు.

గుడ్ ఫ్రైడే పొద్దున అంబుజమ్మ పెద్ద గుండిగెలో అయ్యగారి మాట ప్రకారం కాచింది. ఆవిరికే కళ్ళు చెమర్చేంత నిజాయితీగా కాచింది. పక్క పొయ్యి మీద చిన్న గిన్నెలో మరొకటి కాచి, మూతగల చెంబులో పోసింది. ఇల్లంతా యాలకుల వాసన.

"అదేమే?" అన్నాడు నంజుండప్ప.

"పిల్లమ్మకు."

"అయ్యగారికి తెలిస్తే?"

"చెంబుకు మూత ఉండాది."

"దేవుడికి తెలిస్తే?"

"ఆయన చాడీలు చెప్పే రకం కాదులే."

జట్కాలో గుండిగెను కాళ్ళ మధ్య, చెంబును కొంగు చాటున పెట్టుకుని అంబుజమ్మ కోరమండల్ చేరింది. ఎప్పటిలాగే గుడి వరండాలో కిటికీ పక్కన కూర్చుంది. మామూలుగా ప్రసంగం వేళకు ఆమెకు చక్కటి కునుకు పట్టేది. ఈసారి కొంగు కింద దొంగసొత్తు ఉంది. దొంగలకు నిద్ర రాదు కాబట్టి ప్రసంగం వినవలసి వచ్చింది.

అయ్యగారు సిలువ వేసే ముందటి సంగతి చెబుతున్నారు. ఆ కాలంలో సిలువ వేయబోయే వాళ్ళకు చేదు కలిపిన ద్రాక్షారసం ఇచ్చేవారట. రుచికి చేదేగాని, దాని పని నొప్పి తెలియకుండా మత్తు కమ్మించడం. యెరూషలేములో దయగల ఆడవాళ్ళు దాన్ని కలిపి తెచ్చేవారని పెద్దలు చెబుతారట. అంబుజమ్మ చెయ్యి చెంబు మూత మీద బిగుసుకుంది.

"ప్రభువు దాన్ని రుచి చూశాడు. తాగలేదు," అన్నారు అయ్యగారు. "మన పాపాన్నీ మన నొప్పినీ సగం మత్తులో మోయకూడదనుకున్నాడు. మనకోసం పూర్తిగా మోయాలనుకున్నాడు. అందుకే ఎంతటి దుఃఖంలో ఉన్నవాడైనా, ఇది ఆయనకు తెలియదని అనలేడు. ఆ దుఃఖపు పాత్రను అడుగుదాకా తాగినవాడాయన."

మరి ఆ ఆడవాళ్ళు చేసింది తప్పా? ఎవరిని అడగాలో తెలియక అంబుజమ్మ కిటికీ చువ్వల వంక చూసింది.

"తెచ్చినవాళ్ళను ఆయన ఒక్క మాటైనా అనలేదు," అన్నారు అయ్యగారు లోపలినుంచి. "వద్దన్నాడు, అంతే."

ఆరాధన ముగిసింది. జనం వరుసగా వచ్చారు. మొదటి గ్లాసు ఆచారం ప్రకారం బచ్చప్పది. ఇరవై ఏళ్ళుగా చేదు పాత్రను గురించి కన్నీళ్ళతో ప్రార్థన చేస్తున్న ఆ పెద్దమనిషి ఏనాడో మరిచిపోయిన దాని రుచి మళ్ళీ చూసి, స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. "అంబుజమ్మా, ఏమి తప్పు చేసినాము తల్లీ?" అన్నాడు ఊపిరి అందాక. అయ్యగారు తన వంతు తాగి, పక్క స్తంభం వెతుక్కున్నారు.

పిల్లమ్మ చివర్న వచ్చింది. అంబుజమ్మ అటూ ఇటూ చూసి, కొంగు తప్పించి, చెంబులోంచి గ్లాసు నింపి ఇచ్చింది.

పిల్లమ్మ పెదవికి తాకించి ఆగింది. చెంబు వంక చూసింది. గుండిగె వంక చూసింది. గ్లాసును తిరిగి అంబుజమ్మ చేతిలోనే పెట్టింది.

"ఇది కాదమ్మా."

"తాగవే. ఎవరూ చూడల్లేదు."

"ఆయనే వద్దన్నాడు కదమ్మా. ఇప్పుడే విన్నాము కదా." ఆ గొంతులో కోపం లేదు. "నా కోసరం వేరేగా కాచి మోసుకొచ్చినావు. అది చూసినాను, చాలు. అందరికీ పోసిందే నాకూ పొయ్యమ్మా."

అంబుజమ్మ గరిటె పట్టుకుంది. అది గుండిగె అంచుకు తగిలి చప్పుడు చేసింది. గ్లాసు నింపి, ముఖం పక్కకు తిప్పుకుని అందించింది. ఎవరి చేతిలో ఏది పెట్టినా అంతకు ముందెన్నడూ అంత బరువనిపించలేదు ఆమెకు.

పిల్లమ్మ ఒక్క గుక్కతో ఆపలేదు. నిదానంగా గ్లాసంతా తాగింది. మెట్టు మీద అంబుజమ్మ పక్కన కూర్చుంది.

"వాడు పోయినప్పటినుంచి నా నోట్లో ఉండేది ఇదే," అంది. "చూసినోళ్ళంతా పోతాదిలే, మరిచిపోతావులే అంటారు. మరిచేదానికేనా వాడితో అన్నేండ్లు కాపురం చేసింది? ఎవరికి చెప్పేది ఇది? ఆయనకు చెప్పొచ్చు. ఆయన తాగి చూసినాడు."

అంబుజమ్మ నోటిదాకా ఒక మాట వచ్చింది. అలవాటైన మాటే. దాన్ని మింగేసింది. కషాయం కంటే అదే కష్టంగా దిగింది.

జనం లైన్ల వైపు వెళ్ళిపోయారు. జట్కావాడు గుర్రాన్ని అదిలిస్తూ, "అమ్మా, పొద్దు పోతాది, బయల్దేరుదామా?" అని కేకవేశాడు.

"నువ్వు పో నాయనా. నేను నడిచి వస్తా," అంది అంబుజమ్మ.

పిల్లమ్మ మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుంది. "పండుకోలేకపోయేవాడమ్మా కడకు," అంది. "పండుకుంటే ఊపిరాడదు. గోడకు ఆనుకొని కూసోని, తెల్లార్లూ నా చెయ్యి పట్టుకోని…" మూడు నెలలుగా రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

అంబుజమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. ఊరుకోమనలేదు.

"ఊఁ," అంది. "చెప్పు."