నీళ్ళలోకి దిగిన ప్లైవుడ్ రాజభవనం

తొంభైల చివర యారాడ ఒడ్డున, ఖాళీ డ్రమ్ముల తెప్ప మీద, సినిమావాళ్ళు ప్లైవుడ్‌తో రాజభవనం కట్టారు. పొడవు అరవై అడుగులు, వెడల్పు నలభై, నేనే కొలిచాను. ముప్పై అడుగుల లోతున ఉక్కు స్తంభాలు దింపి పోర్టులో నేను కట్టించిన జెట్టీని ఏనాడూ చూడని నా భార్య, ఆ సెట్టును సముద్రంలోకి దింపేరోజు పట్టుచీర కట్టుకొని వచ్చింది. నాకు అక్కసు పుట్టింది.

జాలరి స్త్రీలు కొత్త పడవకు చేసినట్టే దాని గడపకు పసుపు పూసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు.

“మా జెట్టీకి ఒక్క బొట్టయినా పెట్టలేదేం?” అని వారిలో పెద్దామెను అడిగాను.

“అది కదల్దు కద బాబూ, దానికేటి బయం? ఇది నీటి మీద తేల్తాది. గంగమ్మకి సెప్పుకోవాల.”

నా భార్య నవ్వింది. గిన్నెలో మిగిలిన పసుపు అందుకుని, ఆ ప్లైవుడ్ స్తంభాలకు తానే పూసింది.