పూడ్చని ఖాళీలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా వరి పరిశోధన కేంద్రంలో అది అందరికీ తెలుసు. అందుకే ఆ సోమవారం పొద్దున్న నేను ముంపు మడి గట్టు మీద నిలబడి ఒక్క మాటా అనకుండా చూస్తుంటే, వాచ్‌మన్ మెల్లగా మోటారు షెడ్డు వెనక్కి జారుకున్నాడు. శుక్రవారం నేను పెళ్ళికని పెద్దాపురం వెళ్ళేటప్పటికి ఆ మడిలో చాలా దుబ్బులు కుళ్ళి బురదలో పడి ఉన్నాయి. ఇప్పుడు చూస్తే ఒక్క ఖాళీ లేదు. మడంతా అప్పుడే ఊడ్పులైన చేనులా కళకళలాడుతోంది.

మొక్క నీట మునిగితే ఆ సంగతి దానికెలా తెలుస్తుంది, తెలిశాక ఏం చేస్తుంది అన్నది నా పరిశోధన. గోదావరి జిల్లాలో వరి మునగడం చూడ్డానికి జీతం కూడా ఇస్తారా అని మా చుట్టాలు ఏడిపిస్తుంటారు. ఇస్తారు. ఎత్తు గట్లు వేసిన మడిలో నాటి, మొక్కల తలలు మునిగేదాకా నీళ్ళు పెట్టి, కొన్నాళ్ళు ఉంచి తీసేస్తాం. ఆ తర్వాత ఆగాలి. చచ్చినట్టు కనబడే దుబ్బుల్లో ఏది మళ్ళీ చిగురేసింది, ఏది నిజంగానే పోయింది అని లెక్కపెట్టాలి. మడిలో మిగిలే ఆ ఖాళీలే నా ఫలితం.

కేంద్రంలో ఊడ్పులు చేసే ముఠాకి మా అమ్మ వయసున్న ఆవిడ మేస్త్రి. నేను పిన్నీ అంటాను, ఆవిడ నన్ను మేడంగారూ అంటుంది. మురుగు కాలువ పక్కన ఆవిడ కౌలుకి చేసే పల్లపు చేను ఉంది. కాలువ పొంగితే ముందు మునిగేది అదే. అందుకే నా మడి మీద ఆవిడకి మొదటినుంచీ ఒక కన్ను. “మునిగినా బతికే ఆ విత్తనం మాకెప్పుడిస్తారండీ?” అని ప్రతి వానాకాలం సార్వా పంటకీ అడిగేది. ఈ ఏడు లెక్క బాగా వస్తే ముందుకెళ్తుంది పిన్నీ అనేదాన్ని.

ఆవిడ్ని పిలిపించాను. కుచ్చిళ్ళు పైకి దోపుకుని నవ్వుతూ వచ్చింది.

“ఈ మడిలో ఎవరు నాటారు పిన్నీ?”

“మేవేనండి. పక్క మడిలో పోయిన దుబ్బుల చోట నారేస్తుంటే ఇది కనబడింది. మరీ బోసిగా ఉందండి. ఆకుమడిలో ఇదే రకం నారు మిగిలుంది కదాని, కుళ్ళిందంతా పీకేసి వేసేశాం. ఆదివారం చర్చి కదండీ, శనివారం పొద్దుపోయేదాకా ఉండి మరీ పూర్తి చేశాం.”

“మడిలోకి ఎవర్నీ దిగనివ్వొద్దని చెప్పి వెళ్ళానా లేదా?”

“ఎవర్నీ దిగనివ్వలేదండి. మేవే దిగాం.”

అరిచాను. ఆకుల మీద ఒండ్రు బట్టి పాత దుబ్బుల్లో కొన్నిటిని పోల్చుకోవచ్చు గానీ, ఇంకో వారంలో చిగురేసేవి ఎన్ని పీకి పారేశారో ఎవరు చెప్పగలరు? ఆ లెక్క చూపిస్తే ఎవరు నమ్ముతారు? నేను అరుస్తున్నంతసేపూ ఆవిడ తల వంచుకుని విని, చివరికి ఒక్కటే అడిగింది. “అయితే ఆ విత్తనం?”

“ఇంకో ఏడాది ఆగాలి.”

ఆవిడ గట్టు మీద చతికిలబడింది. ఆ సార్వాలోనే కొన్నాళ్ళకి కాలువ పొంగి ఆవిడ చేను పోయింది. ఎక్కడెక్కడో నారు అడిగి తెచ్చి మళ్ళీ ఊడ్చుకుంది. ఆ సంగతి తెలియగానే నా కోపం చల్లారిపోయింది, బాధ మిగిలింది.

మునిగిన మొక్కలో ఒక వాయువు పోగవుతుంది. గడ్డిలో కప్పెట్టిన మామిడికాయల్ని పండించేదీ అదే. గాలిలో ఉన్నప్పుడు ఎప్పటికప్పుడు బయటికి పోయేది, నీళ్ళలో పోలేక లోపలే నిలిచిపోతుంది. మునిగామని మొక్కకి తెలిసే దారుల్లో అదొకటి. తెలియగానే చాలా రకాలు నీటి పైకి తల పెట్టాలని ఆరాటపడతాయి. దాచుకున్న బలమంతా పొడుగు పెరగడానికే పెట్టేసి, తీరా నీళ్ళు తీశాక నిలబడలేక పడిపోతాయి. మేం పరీక్షించే రకం మాత్రం పెరగడం ఆపి ఊరుకుంటుంది. ఊరుకోవడం అంటే చేతకానితనం అనుకుంటాం గానీ, చాలా కష్టమైన పని. పిన్నికీ అంతే. చిన్నప్పటినుంచీ ఖాళీ కనబడితే నారు పెట్టిన చేతులవి. బోసి చోటుని దాటి పోవడం ఆవిడ వల్ల కాదు. ఇక నేను ఊరుకోవడం గురించి మా ఇంట్లో వాళ్ళని అడగాలి.

మరుసటి సార్వాకి, నీళ్ళు తీసిన రోజునుంచీ ఆవిడే వచ్చి తీరిక దొరికినప్పుడల్లా ముంపు మడి గట్టున కూర్చునేది. అదీ మడికి వీపు పెట్టి.

“ఇటు తిరిగి కూర్చోవచ్చుగా పిన్నీ.”

“వద్దండి. చూస్తే చేతులు ఊరుకోవు.”

ముఠాలో ఎవరైనా నారు కట్టతో అటు నడిస్తే కేకేసేది. నా కేకలు వాటి ముందు ఎందుకూ పనికిరావు. ఖాళీలు ఖాళీలుగానే ఉన్నాయి. మా రకం వరసల్లో మాత్రం, చచ్చాయనుకున్న దుబ్బుల మధ్యలోంచి లేత చిగుళ్ళు లేచాయి. ఆ లెక్కతో ఆ విత్తనం బయటి పరీక్షలకి కేంద్రం గేటు దాటింది.

ఇంకొన్నేళ్ళకి, రైతుల చేలల్లో వేసి చూడమని చిన్న సంచుల్లో విత్తనం ఇచ్చారు. ఒక సంచి పిన్ని చేనుకి వెళ్ళింది. ఆ ఏడు వాన పట్టుకుంటే వదల్లేదు. రాజమండ్రిలో మా వంటింట్లో నిలబడి ఆ చప్పుడు వింటుంటే భయమేసింది. నా మడిలో నీళ్ళు పెట్టేదీ నేనే, తీసేదీ నేనే. కాలువ నీళ్ళు ఎవరి మాట వింటాయి?

చేలో నీళ్ళు తగ్గాక కొన్నాళ్ళకి పిన్ని ఫోన్ చేసింది. “మేడంగారూ, ఒకసారి రండి” అంది. ఉందో పోయిందో చెప్పకుండానే పెట్టేసింది. కొవ్వూరు వంతెన మీద బస్సు ఆగిపోతే, ముందున్న లారీలన్నిటినీ మనసులో తిట్టుకుంటూ కూర్చున్నాను.

చేను బతికింది. చుట్టుపక్కలవి పాలిపోయి బురద మీద వాలిపోయాయి గానీ ఆవిడది పచ్చగా నిలబడింది. కాకపోతే అక్కడక్కడ ఖాళీలున్నాయి. గట్టు మీద తడి గోనె కింద నారు కట్టలు. కొసలు అప్పటికే పసుపెక్కుతున్నాయి, పీకి రెండు మూడు రోజులైనట్టుంది.

“నారు తెచ్చుకుని ఇంకా వేయలేదేం పిన్నీ?”

“మీరు లెక్కెట్టుకోవాలి కదండీ. వేసేస్తే మీకు మళ్ళీ ఏడాది పోద్ది.”

ఆవిడ గోనె పైకెత్తి నారు చూసి, “వేగిరం కానివ్వండి, ఇది ఇంక ఆగేలా లేదు” అంది.

కళ్ళు మసకలై ఒక వరస రెండుసార్లు లెక్కపెట్టాల్సొచ్చింది. లెక్కంతా పూర్తవగానే ఫోనూ చెప్పులూ గట్టు మీద పెట్టి చేలోకి దిగాను. ఆవిడ ఒక కట్ట విప్పి సగం నా చేతిలో పెట్టింది.