మా నాయన కళ్ళు ఎవరు చూడాలి

మా నాయన ముప్పై రెండేళ్ళు బస్సు నడిపారు. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు, ముద్దనూరు మీదుగా పులివెందుల, మళ్ళీ అదే దారిన వెనక్కి. ఆ రోజుల్లో ఏటా కళ్ళు చూసేవారట. గోడ మీది అక్షరాలు చదవలేకపోతే స్టీరింగు దగ్గరికి రానిచ్చేవారు కాదట. చూపు నిక్షేపంగా ఉన్నన్నాళ్ళూ అంత గట్టిగా చూశారు. రిటైరై ఇంటికొచ్చాక, చూపు తగ్గే వయసులో మాత్రం పట్టించుకునే నాథుడు లేడు. ఈ పద్ధతి పెట్టిందెవరో కానీ, తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇప్పుడాయనకు డెబ్భై ఆరు. మా ఇంట్లోనే ఉంటారు. నేను జమ్మలమడుగులో బడిపంతులమ్మను. రోజూ పొద్దున ప్రొద్దుటూరు నుంచి నన్ను తన పాత తెల్లకారులో దించి రావడం ఆయన తన ఉద్యోగంగా పెట్టుకున్నారు. నాకూ లైసెన్సు ఉంది. ఆయన ఉండగా స్టీరింగు ముట్టుకున్న పాపాన పోలేదు. "క్లచ్చి మీద కాలు తియ్యవు, బండి పాడయితాది" అంటారు. యాభై ఏళ్ళొచ్చినా ఆయన లెక్కలో నేను ఇంకా నేర్చుకుంటున్న దాన్నే.

రెండేళ్ళ కిందట లైసెన్సు రెన్యూవల్‌కు డాక్టరు సర్టిఫికెట్ కావాల్సి వచ్చింది. తీసుకెళ్ళాను. ఆ డాక్టరు చదువుకునే రోజుల్లో మా నాయన బస్సులోనే కాలేజీకి వచ్చేవాడట. చూడగానే కుర్చీలోంచి లేచాడు. "మామా, నీ బస్సు ఎక్కకపోతే నేను యాడ డాక్టరయ్యేటోణ్ణి" అన్నాడు. టీ తెప్పించాడు. అరగంట పాత కబుర్లు చెప్పుకున్నారు. కళ్ళ పరీక్ష చార్టు ఆయన వెనక గోడకే ఉంది, సగానికి క్యాలెండరు అడ్డంగా వేలాడుతోంది. ఆ క్యాలెండరు తీసిన వాళ్ళు లేరు. కబుర్ల మధ్యలోనే సంతకం పడిపోయింది.

ముందు పోయేది ఆటోనో టెంపోనో నాయన దగ్గరికొచ్చేదాకా చెప్పలేకపోతున్నారని నాకు అప్పటికే తెలుసు. అయినా నోరు మూసుకుని నిలబడ్డాను. పరాయివాళ్ళ ముందు ఆయన పరువు తీయడమెందుకని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మొదట్లో నేనూ మోసపోయాను. ఊరు ఇంకా కనపడకముందే "స్టేజీ వస్తాంది" అనేవారు. అంత దూరం చూపు ఆనుతోందంటే ఫరవాలేదనుకున్నాను. ఆయన చూసేది రోడ్డును కాదని అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. ఏ మలుపు తర్వాత ఏ కాలువ మోరీ, ఏ ఎత్తు దాటాక ఏ స్టేజీ అన్నది ఆయనకు కంఠతా వచ్చు. బస్సులాగే స్టేజీని ముందుకు జరిపిన చోట కూడా పాత జాగాలోనే, మనిషన్నవాడు లేని కంపచెట్ల దగ్గర, బండి స్లో చేసేవారు. ఒకసారి కొత్తగా స్పీడు బ్రేకరు వేశారు. ముప్పై రెండేళ్ళలో అక్కడ అది లేదు. దాని మీద ఎగిరి నా తల పైకప్పుకు కొట్టుకుంది.

అప్పటినుంచి పక్కన కూర్చుని ఆయన కళ్ళు నేనే అయ్యాను. "నాయనా, ట్రాక్టరు." "నాయనా, బర్రెలు." "నాకు కనపడతాంది లేమ్మా" అని విసుక్కుంటూనే బ్రేకు వేసేవారు. నన్ను బడి దగ్గర దించి ఒక్కరే వెనక్కి పోతారే, ఆ అరగంట నాకు పాఠం మీద మనసు నిలిచేది కాదు. ఈ రోజు ఎవరి పిల్లలు అడ్డం వస్తారో అనే భయం. ఇల్లు చేరినట్టు ఫోనొస్తేగానీ ఊపిరి ఆడేది కాదు. ప్రొద్దుటూరు బజారులో ఇంకో తంటా. తెల్లకారు కనపడగానే ఆటోవాళ్ళే పక్కకు లాగేసేవారు. "మామ బండి, జరగండప్పా" అని ఒకరికొకరు చెప్పుకునేవారు. అదంతా తన డ్రైవింగు గొప్పే అనుకునేవారు మా నాయన.

మొన్న జొన్నకోతల కాలంలో, ఒక ఆదివారం, బంధువుల ఇంట్లో నిశ్చితార్థానికి పులివెందుల బయలుదేరాం. ముద్దనూరు దాటాక రోడ్డు మీద సగం మేర జొన్నలు ఆరబోసి, చుట్టూ రాళ్ళు పేర్చి ఉన్నాయి. ఏటా చేసేదే. ఒకామె వంగి జొన్నలు తిరగేస్తోంది. నేను అరిచేలోపే రాళ్ళ మీదికి ఎక్కేశాం. ఆమె పక్కనున్న గుంతలోకి దూకింది. కారు జొన్నల మీద జారి ఆగింది.

దిగి పరుగెత్తాను. ఆమె మోకాలు చీరుకుపోయి రక్తం కారుతోంది. తిడుతుందని ఎదురుచూశాను, తిట్టాలని కోరుకున్నాను కూడా. ఆమె మా నాయనను చూసి చీర దులుపుకుంది. "నువ్వా మామా. చిన్నప్పుడు నీ బస్సులోనే తిరిగినాం గదా. మాదే తప్పులే, రోడ్డు మీద పోసినాం" అంది. చచ్చి బతికిన మనిషి ఆయనకు సర్దిచెబుతోంది. సీసాలో నీళ్ళతో ఆమె మోకాలు కడిగాను. ఈ జిల్లాలో ఈయనను ఒక్క మాట అనే మనిషే లేడా అనిపించింది.

ఆమె వెళ్ళి నీడన కూర్చున్నాక, కారుకు ఆనుకుని నిలబడ్డ నాయన దగ్గరికి వెళ్ళాను.

"నాయనా, నీకు కండ్లు కనపడవు. ఇంక తోలొద్దు" అన్నాను.

కేకలేస్తారనుకున్నాను. ఆయన రోడ్డు మీద చెదిరిన రాళ్ళ వైపు చూశారు.

"తెలుసుమ్మా. రెండేండ్లాయ."

"తెలిసి కూడా ఎట్ల తోలినావు?"

"ఆ పొద్దు డాక్టరు చూస్తాడు, వద్దంటాడు, దిగిపోదామనుకుంటి. ఆయప్ప టీ తాపించి సంతకం పెట్టె. నువ్వు పక్కనే ఉంటివి. నువ్వూ ఏమనకపోతివి. బిడ్డే కూచుంటాంది గదా, బాగనే తోలతాండానేమో అనుకుంటి."

"నీ అంతట నువ్వు మానేస్తే ఏం?" అని గట్టిగానే అరిచాను.

"అన్నేండ్లు తోలినోణ్ణి. నా అంతట నేను యాడ దిగేదిమ్మా" అని తాళాలు నా చేతిలో పెట్టి, చుట్టూ తిరిగి వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నారు.

బండి తీశాను. పులివెందుల దాకా ఆయన క్లచ్చి ఊసెత్తలేదు. కోపం తగ్గలేదు నాకు. డాక్టరు మీద, ఆ జొన్నలామె మీద, ఆయన మీద, అన్నిటికంటే నా మీద. రెండేళ్ళు ఆయన పరువు కాపాడుతున్నాననుకున్నాను నేను. ఆయనేమో, నేను ఎప్పుడు నోరు తెరుస్తానా అని చూస్తూ బండి నడిపారు.